ఓడినవారికి తొలి ఎంపిక

ప్రతి సంవత్సరం ఏప్రిల్ చివరి వారంలో, గురువారం సాయంత్రం మొదలై శనివారం దాకా మూడు రోజులపాటు, అమెరికాలో ఏదో ఒక నగరంలో పెద్ద సభ జరుగుతుంది. లక్షలమంది టీవీల ముందు కూర్చుని చూసే ఈ సభలో ఆట ఉండదు. ఒక మనిషి వేదిక మీదికి వచ్చి, చేతిలో ఉన్న చీటీ చూసి ఒక పేరు చదివి వెళ్ళిపోతాడు. కొద్ది నిమిషాల తరువాత మరో పేరు చదువుతారు. ఇలా సుమారు 250 పేర్లు. వృత్తిపరమైన అమెరికన్ ఫుట్‌బాల్ నడిపే ఎన్.ఎఫ్.ఎల్. సంస్థలోని 32 జట్లు, విశ్వవిద్యాలయాల జట్లలో ఆడి వచ్చిన యువకులను పంచుకునే పద్ధతి ఇది. దీని పేరు డ్రాఫ్ట్.

మనకు తెలిసిన పద్ధతులతో పోల్చి చూస్తే దీని ప్రత్యేకత తెలుస్తుంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి అందరికన్నా ముందు కాలేజీని ఎంచుకుంటాడు. ఇక్కడ అది తలకిందులు. ఎంచుకునేది జట్టు, ఎంపికయ్యేది మనిషి. పైగా కిందటి ఏడాది అందరికన్నా ఎక్కువగా ఓడిన జట్టుకే మొదటి వంతు. ఐ.పి.ఎల్. వేలంలో ఒక ఆటగాడి కోసం రెండు మూడు జట్లు పోటీ పడితే అతని ధర పెరుగుతుంది. డ్రాఫ్టులో ఆ పోటీకి తావే లేదు. ఏ జట్టు పేరు చదివితే ఆ జట్టుతోనే అతను ఒప్పందం చేసుకోవాలి.

వైద్యుడిగా నన్ను ఆకర్షించేది ఇందులోని ఆట కాదు, అంచనా. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ళున్న యువకుడిని కొలిచి, పరీక్షించి, ప్రశ్నించి, అయిదేళ్ళ తరువాత అతను ఏమవుతాడో చెప్పాలి. మా వృత్తిలో రోగ నిర్ధారణ ఒక విద్య, రోగం ఏ దారి పడుతుందో ముందుగా చెప్పడం ఇంకొక విద్య. రెండవది ఎప్పుడూ మొదటిదానికన్నా కష్టం. కోట్ల డాలర్లు, వందలమంది నిపుణులు, యంత్రాలు అన్నీ ఉన్న ఎన్.ఎఫ్.ఎల్. ఈ రెండవ విద్యలో ఎంతవరకు నెగ్గింది, అసలు అది అడుగుతున్న ప్రశ్న పూర్తి ప్రశ్నేనా అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

బేరం నుంచి వంతులకు

1930లలో ఎన్.ఎఫ్.ఎల్. చిన్న వ్యాపారం. కాలేజీ ఆటలకు ఉన్న ఆదరణ దానికి లేదు. చదువు పూర్తయిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకునేవాడు. పేరూ డబ్బూ ఉన్న షికాగో బేర్స్, న్యూయార్క్ జయంట్స్ వంటి జట్ల వైపే మంచి ఆటగాళ్ళు మొగ్గేవారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ జట్టు ఓడుతూ ఉండేది; ఓడే జట్టుకు ప్రేక్షకులు తక్కువ, ప్రేక్షకులు తక్కువైతే ఆటగాళ్ళను కొనే శక్తి తక్కువ. 1935లో యజమానుల సమావేశంలో బెల్ ఒక ప్రతిపాదన చేశాడు. కాలేజీ ఆటగాళ్ళ పేర్లన్నీ ఒకచోట రాసి, అట్టడుగున ఉన్న జట్టుతో మొదలుపెట్టి వంతులవారీగా ఎంచుకుందాం; ఒకరు ఎంచుకున్నవాడి జోలికి మరొకరు పోకూడదు. గెలిచే జట్ల యజమానులు కూడా దీనికి ఒప్పుకున్నారు. ఎప్పుడూ రెండు జట్లే గెలుస్తుంటే మిగిలిన ఊళ్ళలో టికెట్టు కొనేవారుండరని వారికి తెలుసు. ఆటగాళ్ళ కోసం తమలో తాము పోటీ పడకపోతే జీతాల ఖర్చు తగ్గుతుందనీ తెలుసు. ఈ రెండు ప్రయోజనాలూ డ్రాఫ్ట్ పుట్టుకలోనే కవలల్లా ఉన్నాయి.

మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో జరిగింది. తొమ్మిది జట్లు, తొమ్మిది విడతలు, 81 ఎంపికలు. మొట్టమొదటి ఎంపిక షికాగో విశ్వవిద్యాలయపు జే బర్వాంగర్, ఆ ఏడాది దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడిగా బహుమతి పొందినవాడు. అతను ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క ఆట కూడా ఆడలేదు. అడిగిన జీతం ఇవ్వలేదు కనుక వేరే ఉద్యోగం చూసుకున్నాడు. అంటే డ్రాఫ్ట్ చరిత్రలో తొలి అంచనాయే తప్పింది.

ఇప్పటి నియమాలు

ఇప్పుడు విడతలు ఏడు. గురువారం మొదటి విడత, శుక్రవారం రెండు, మూడు విడతలు, శనివారం మిగిలిన నాలుగు. ప్లేఆఫ్ పోటీలకు చేరని 18 జట్లు ముందు, గెలుపు శాతం తక్కువ ఉన్న జట్టుతో మొదలుపెట్టి, వరుసగా ఎంచుకుంటాయి. ఆ తరువాత మిగిలిన 14 జట్లు. సూపర్ బౌల్‌లో ఓడిన జట్టుది 31వ వంతు, గెలిచిన జట్టుది 32వది. రెండు జట్ల గెలుపు శాతాలు సమానమైతే, బలహీనమైన ప్రత్యర్థులతో ఆడిన జట్టుకు ముందు వంతు ఇస్తారు. తేలికైన పరీక్షలో అవే మార్కులు తెచ్చుకున్నవాడు మరింత వెనకబడినట్టే కదా అన్నది ఇందులోని తర్కం. ముందటి ఏడాది వేరే జట్లకు మంచి ఆటగాళ్ళను కోల్పోయిన జట్లకు మూడో విడత నుంచి కొన్ని అదనపు ఎంపికలు దక్కుతాయి.

హైస్కూలు పూర్తయి మూడు సంవత్సరాలు గడవనిదే ఎవరూ డ్రాఫ్టుకు అర్హులు కారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు మొరిస్ క్లారెట్ ఈ నియమాన్ని 2003లో కోర్టులో సవాలు చేశాడు. కింది కోర్టులో గెలిచి, అప్పీలు కోర్టులో ఓడిపోయాడు. ఆ అప్పీలు తీర్పు రాసిన న్యాయమూర్తి, తరువాతి కాలంలో సుప్రీం కోర్టుకు వెళ్ళిన సోనియా సోటొమాయోర్. ఆటగాళ్ళ సంఘానికీ యజమానులకూ మధ్య కుదిరిన ఒప్పందం పరిధిలోని విషయం కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టం దీనికి వర్తించదన్నది తీర్పు సారాంశం.

వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు. ఈ బేరాల్లో ధర కట్టడానికి 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ జట్టు ఒక పట్టిక తయారు చేసుకుంది. దాని ప్రకారం మొదటి ఎంపిక విలువ 3000 పాయింట్లు, రెండవది 2600, పదహారవది 1000, ముప్ఫై రెండవది 590. క్రమంగా ఇలాంటి పట్టికలు అన్ని జట్ల చేతుల్లోకీ చేరాయి. మొదటి మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో గమనించండి. దీని సంగతి మళ్ళీ చూద్దాం.

చూసే కళ్ళు

ఆటగాళ్ళను వెతికే ఉద్యోగులను స్కౌట్లంటారు. ఏడాదిలో ఎక్కువ భాగం వారు కాలేజీ ఊళ్ళు తిరుగుతూ ఉంటారు. ఆటల వీడియోలు చూస్తారు, సాధన చూస్తారు, కోచ్‌లతో మాట్లాడతారు, ప్రతి ఆటగాడి మీద నివేదిక రాస్తారు. ఏప్రిల్ నాటికి ఈ నివేదికలన్నీ కలిసి ప్రతి జట్టు కార్యాలయంలో ఒక బోర్డు మీద పేర్ల వరుసగా మారతాయి. వంతు వచ్చినప్పుడు మిగిలిన పేర్లలో పై పేరు ఎంచుకోవాలా, తమకు కొరతగా ఉన్న స్థానానికి పనికివచ్చేవాడిని ఎంచుకోవాలా అన్న వాదన ప్రతి జట్టులోనూ జరుగుతుంది.

ఈ నివేదికలను లెక్కగా మార్చే ప్రయత్నంలో ఒక భారతీయుడి పాత్ర ఉందని చాలామందికి తెలియదు. 1960లలో డాలస్ జట్టు మేనేజరు టెక్స్ ష్రామ్, ఐ.బి.ఎం. అనుబంధ సంస్థ ఒకదానిని ఆశ్రయించాడు. అక్కడ ఈ పని చేపట్టినవాడు భారతదేశం నుంచి వెళ్ళిన గణాంకవేత్త సలాం ఖురేషీ. ఆయనకు అమెరికన్ ఫుట్‌బాల్ దాదాపు తెలియదు, జట్టువారికి కంప్యూటర్లు తెలియవు. ఒకే గుణాన్ని ఒక్కో స్కౌటు ఒక్కో మాటతో చెప్పడం మొదటి చిక్కు. ఆ మాటలన్నింటినీ వడపోసి, వందలకొద్దీ లక్షణాలను చివరికి అయిదుకు కుదించారు: వ్యక్తిత్వం, చురుకుదనం, పోటీతత్వం, బుద్ధి చురుకు, బలం. ప్రసూతి వార్డులో అప్పుడే పుట్టిన శిశువుకు అయిదు లక్షణాలు చూసి మార్కులు వేసే ఎప్‌గార్ పద్ధతి 1953లో వచ్చింది. రెండింటిలోనూ ఉన్నది ఒకే వివేకం. నిపుణుడి మనసులోని మొత్తం అభిప్రాయం కన్నా, అందరూ ఒకే విధంగా కొలిచే నాలుగైదు విషయాలు నమ్మదగినవి.

అయితే ఎలా కొలుస్తున్నామన్న దానితోబాటు ఎక్కడ చూస్తున్నామన్నదీ ముఖ్యమే. మొదటి డ్రాఫ్ట్ జరిగిన పదమూడేళ్ళకు, 1949లో గానీ ఒక నల్లజాతి ఆటగాడి పేరు డ్రాఫ్టులో వినబడలేదు. అతను ఇండియానా విశ్వవిద్యాలయపు జార్జ్ టాలియాఫెరో. ఆ తరువాత కూడా నల్లజాతివారి కాలేజీల వైపు చాలా జట్లు పెద్దగా తొంగి చూడలేదు. పిట్స్‌బర్గ్ కూరియర్ అనే నల్లజాతి పత్రికలో క్రీడా విలేకరిగా ఏళ్ళ తరబడి ఆ కాలేజీల ఆటల గురించి రాసిన బిల్ నన్, 1960ల చివర పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో స్కౌటుగా చేరాడు. అలబామా ఎ అండ్ ఎమ్ కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ అనే ఆటగాడిని చాలామంది స్కౌట్లు తడిసిన నేల మీద పరిగెత్తించి, వేగం చాలదని రాసుకుని వెళ్ళిపోయారట. ఒంట్లో బాగాలేదని చెప్పి నన్ ఒక్కడే ఆగిపోయి, మరునాడు మళ్ళీ పరిగెత్తించి చూశాడని చెబుతారు. అనుమానంగా ఉన్న పరీక్షను మళ్ళీ చేయించమనే పాఠం వైద్య విద్యార్థులకు మొదటి ఏళ్ళలోనే చెబుతాం. 1974 డ్రాఫ్టులో స్టీలర్స్ ఎంచుకున్నవారిలో లిన్ స్వాన్, జాక్ లాంబర్ట్, స్టాల్‌వర్త్, మైక్ వెబ్‌స్టర్ అనే నలుగురు తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. ఒకే డ్రాఫ్టులో ఇంత పంట మరే జట్టుకూ దక్కలేదు. తరువాతి ఆరు సీజన్లలో ఆ జట్టు నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచింది.

కొలతలు, వైద్య పరీక్షలు

డ్రాఫ్టుకు సుమారు రెండు నెలల ముందు మూడు వందలమందికి పైగా ఆటగాళ్ళను ఒకచోటికి పిలిచి పరీక్షిస్తారు. కంబైన్ అనే ఈ కార్యక్రమం 1987 నుంచి ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. టీవీలో కనబడేవి 40 గజాల పరుగు, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడన్న లెక్క, నిలువు దూకు, పొడవు దూకు. పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నలతో వండర్లిక్ అనే తెలివితేటల పరీక్ష కూడా ఒకప్పుడు ఉండేది. 2022లో దానిని మానేశారు.

కానీ కంబైన్ పుట్టింది పరుగుల కోసం కాదు, వైద్య పరీక్షల కోసం. ఒక్కొక్క జట్టూ ప్రతి ఆటగాడిని తన ఊరికి పిలిపించుకుని పరీక్షించడం కన్నా, అందరినీ ఒకచోట చేర్చి ఎక్స్‌రేలు, స్కానింగులు, గుండె పరీక్షలు ఒకేసారి చేయించడం తేలిక. అన్ని జట్ల వైద్యులూ అక్కడికి వస్తారు. మోకాలి స్నాయువు ఎప్పుడు తెగింది, ఎప్పుడు కుట్టారు, భుజం ఎన్నిసార్లు జారింది, తలకు దెబ్బ ఎన్నిసార్లు తగిలింది అన్నీ అడుగుతారు. తరువాత ఒక్కో జట్టు తన గ్రేడు తాను వేసుకుంటుంది. ఒక జట్టు వైద్యుడు పూర్తిగా వద్దన్న మోకాలిని మరో జట్టు వైద్యుడు ఫరవాలేదనడం మామూలే. సాక్ష్యం ఒకటే అయినా భవిష్యత్తు మీద అభిప్రాయం ఒకటి కాదు.

ఈ పరీక్షలో మేలు కూడా ఉంది. దాగి ఉన్న గుండె జబ్బు బయటపడితే ప్రాణమే దక్కవచ్చు. 2013లో యూటా విశ్వవిద్యాలయపు స్టార్ లోటులెలేకు గుండె రక్తాన్ని పంపే శక్తి తక్కువగా ఉన్నట్టు కంబైన్ పరీక్షలో కనిపించింది. అతనిని మైదానంలోకి దిగనివ్వలేదు. తరువాతి పరీక్షల్లో గుండె మామూలుగా ఉందని తేలింది. కరొలైనా జట్టు అతనిని 14వ ఎంపికగా తీసుకుంది. చాలా ఏళ్ళు ఆడాడు.

అయినా ఇక్కడి వైద్యుడి స్థానం వేరు. మా దగ్గరికి వచ్చే మనిషి తన బాధ చెప్పుకుంటాడు, మేము అతని తరఫున ఆలోచిస్తాం. కంబైన్‌లో వైద్యుడిని పంపింది జట్టు, జవాబు కావలసింది జట్టుకు. నొప్పి ఉందని ఆటగాడు నిజం చెబితే అతని స్థానం కిందికి జారుతుంది, దానితో అతని రాబడి తగ్గుతుంది. నిజం చెప్పినందుకు నష్టపోయే చోట రోగ చరిత్ర ఎంత నమ్మదగినదో ఏ వైద్యుడైనా ఊహించగలడు.

అంచనా ఎంత గట్టిది?

1998లో మొదటి రెండు స్థానాలకు ఇద్దరు క్వార్టర్‌బాక్‌ల పేర్లు వినిపించాయి: పేటన్ మానింగ్, రయన్ లీఫ్. ఇద్దరిలో ఎవరు మెరుగన్నది నెలల తరబడి చర్చ. రెండవ స్థానం దక్కించుకోవడానికి శాన్ డియేగో జట్టు తన మూడవ వంతుతో పాటు ఆ ఏడాది రెండో విడత ఎంపికను, మరుసటి ఏడాది మొదటి విడత ఎంపికను, ఇద్దరు ఆటగాళ్ళను కూడా ఇచ్చేసింది. ఇండియానాపొలిస్ మానింగ్‌ను తీసుకుంది, శాన్ డియేగో లీఫ్‌ను. మానింగ్ అయిదుసార్లు సంవత్సరపు ఉత్తమ ఆటగాడయ్యాడు. లీఫ్ మొదలుపెట్టిన ఆటల్లో అతని జట్లు గెలిచినవి నాలుగే. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆట మానేశాడు. రెండేళ్ళ తరువాత, 2000లో, టామ్ బ్రేడీ కంబైన్‌లో 40 గజాలను 5.28 సెకన్లలో పరిగెత్తాడు. క్వార్టర్‌బాక్‌లలో కూడా అది మందకొడి పరుగే. అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బాక్‌లను ఎంచుకున్నారు. 199వ ఎంపికగా వెళ్ళిన బ్రేడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

ఇవి విడి కథలని కొట్టిపారేయవచ్చు. కానీ మొత్తం లెక్క చూసినవారున్నారు. ఆర్థిక శాస్త్రంలో 2017 నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ థేలర్, కేడ్ మాసీతో కలిసి అనేక సంవత్సరాల డ్రాఫ్ట్ వివరాలను పరిశీలించాడు. వారి వ్యాసం 2013లో అచ్చయింది. వారు అడిగిన ప్రశ్న సరళమైనది. ఒకే స్థానంలో ఆడేవారిలో ముందు ఎంపికైనవాడు, తన వెనుకే ఎంపికైనవాడికన్నా మెరుగుపడతాడా? జవాబు: నాణెం ఎగరవేసి చెప్పినదానికన్నా కొంచెమే మెరుగు. మొదటి విడత ఆటగాళ్ళు ఏడవ విడతవారికన్నా సగటున చాలా మెరుగన్నది నిజమే. కానీ పక్కపక్కనే ఉన్న ఇద్దరిలో ఎవరు మేలో చెప్పే శక్తి దాదాపు ఎవరికీ లేదు. అయినా ఆ చిన్న తేడా కోసమే జట్లు ఆ నిటారు పట్టిక ప్రకారం ధర చెల్లిస్తాయి. ఈ ఏడాది ఒక ఎంపిక కోసం వచ్చే ఏడాది ఎంపికను వదులుకునే బేరాల్లో దాగి ఉన్న వడ్డీ ఏడాదికి 136 శాతమని వారు లెక్కగట్టారు. మన ఊళ్ళ లెక్కలో నెలకు నూటికి పదకొండు రూపాయల పైచిలుకు. అవసరం నెత్తిన కూర్చున్నవాడు తప్ప ఎవరూ తీసుకోని అప్పు అది.

వారి లెక్కలో జీతాన్ని కూడా కలిపి చూస్తే, జట్టుకు ఎక్కువ లాభం తెచ్చేవి మొదటి ఎంపికలు కావు, మొదటి విడత చివర, రెండో విడతలో వచ్చేవి. కాబట్టి వివేకమున్న జట్టు పైమెట్టు కోసం ఎగబడదు. ఒక మంచి వంతును ఇచ్చి రెండు మూడు వంతులు తీసుకుంటుంది. భవిష్యత్తు చూడలేనివాడు చేయగలిగింది, ఎక్కువ గింజలు నాటడమే. రైతుకు ఇది కొత్త సంగతి కాదు.

ఎవరి లాభం, ఎవరి శరీరం

డ్రాఫ్ట్ నియమాలను ఆటగాడి వైపు నుంచి చూసినవాడు జేమ్స్ స్మిత్. 1968లో వాషింగ్టన్ జట్టు అతనిని మొదటి విడతలో ఎంచుకుంది. తొలి సీజను చివరి ఆటలో మెడకు దెబ్బ తగిలి అతని ఆట ముగిసిపోయింది. నచ్చిన జట్టుతో బేరమాడే హక్కు ఉంటే గాయానికి తగిన రక్షణ ఒప్పందంలో రాయించుకునేవాడినంటూ అతను దావా వేశాడు. 1976లో కోర్టు అతనితో ఏకీభవించింది. అప్పటి డ్రాఫ్ట్ చట్టవిరుద్ధమని 1978లో అప్పీలు కోర్టూ చెప్పింది. అయితే ఆలోగా, 1977లో, ఆటగాళ్ళ సంఘం తన సామూహిక ఒప్పందంలో డ్రాఫ్టును అంగీకరించింది. ఆ సంతకం వల్లనే అది ఈనాటికీ చట్టబద్ధం.

అమెరికాలో వైద్యులకు ఇందులో సొంత ముఖం కొంత కనబడుతుంది. 1952 నుంచి రెసిడెన్సీ ఉద్యోగాలు మ్యాచ్ ద్వారా నిర్ణయమవుతున్నాయి. కంప్యూటరు ఏ ఆసుపత్రి పేరు చెబితే అక్కడికి వెళ్ళాలి, జీతం బేరం లేదు. దాని మీదా 2002లో దావా పడింది. 2004లో అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేక చట్టంతో మ్యాచ్‌కు రక్షణ కల్పించింది. తేడా ఒక్కటే, అది చిన్నది కాదు. మ్యాచ్‌లో వైద్యుడి ఇష్టాల జాబితా కూడా లెక్కలోకి వస్తుంది. డ్రాఫ్టులో ఆటగాడిని ఎవరూ అడగరు.

2011 ఒప్పందం కొత్తవారి జీతాలను ఇంకా బిగించింది. 2010లో మొదటి ఎంపిక సామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒప్పందంలో హామీ ఉన్న మొత్తమే 5 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కు నాలుగేళ్ళకు దక్కింది 2.2 కోట్లు. 2022లో అందరికన్నా చివర, 262వ ఎంపికగా వెళ్ళిన బ్రాక్ పర్డీ, 2023 సీజనులో తన జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకువెళ్ళాడు. ఆ ఏడాది అతని జీతం 9 లక్షల డాలర్లకు లోపే. ఓపిక పట్టగలిగిన పర్డీకి 2025లో పెద్ద ఒప్పందం దక్కింది. కానీ తొలి ఒప్పందం నాలుగేళ్ళు; ఈ ఆటలో చాలామంది అంతకాలం నిలవరు. శరీరం బాగా పనిచేసే సంవత్సరాలు, చవకగా అమ్ముడయ్యే సంవత్సరాలు చాలామందికి ఒకటే.

పైన చెప్పిన 1974 డ్రాఫ్టుకు మళ్ళీ వస్తాను. అందులో అయిదో విడతలో ఎంపికైన మైక్ వెబ్‌స్టర్ పదిహేడు సీజన్లు ఆడాడు. డ్రాఫ్ట్ భాషలో చెప్పాలంటే అంతకు మించిన విజయం లేదు. ఆట మానేసిన తరువాత అతని జ్ఞాపకశక్తి, ప్రవర్తన, బతుకు చెదిరిపోయాయి. 2002లో యాభై ఏళ్ళ వయసులో చనిపోయాడు. నైజీరియా నుంచి వచ్చిన పాథాలజిస్టు బెనెట్ ఒమాలు అతని మెదడును పరీక్షించి, పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సి.టి.ఇ. అనే క్షీణత అందులో ఉందని గుర్తించాడు. 2005లో అచ్చయిన ఆ నివేదిక తరువాతే ఎన్.ఎఫ్.ఎల్. ఆటగాళ్ళ మెదళ్ళ మీద ప్రపంచం దృష్టి పడింది.

స్కౌట్ల నివేదికలు, కంబైన్ కొలతలు, పాయింట్ల పట్టికలు, ఆర్థికవేత్తల విమర్శ అన్నీ అడిగేది ఒకే ప్రశ్న: ఇతను జట్టుకు ఏమిస్తాడు? ఆట ఇతనికి ఏం చేస్తుంది అన్న రెండో ప్రశ్నకు బోర్డు మీద గడి లేదు. 1974లో స్టీలర్స్ వేసిన అంచనా అక్షరాలా నిజమైంది. వెబ్‌స్టర్ తరఫున మాత్రం ఆ గదిలో ఎవరూ అంచనా వేయలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న వేయడానికి వైద్యుల దగ్గర కావలసినంత సాక్ష్యం ఉంది. కంబైన్‌లో ప్రతి ఆటగాడి పక్కన జట్లకు సంబంధం లేని ఒక వైద్యుడు కూర్చుని, అతని మోకాలి సంగతీ మెదడు సంగతీ ముందు అతనికే వివరంగా చెప్పే ఏర్పాటు ఉంటే, ఆ మూడు రోజుల సభలో చదివే పేర్లు కొన్ని తగ్గవచ్చు. మిగిలినవారు తెలిసి వచ్చినవారవుతారు.